ఆర్‌ఏఎస్ బయోఫిల్టర్లలో బ్యాక్టీరియా సమూహాలు

తొట్టెల్లో చేపలను పెంచుతూ, వాడిన నీటినే శుభ్రం చేసి మళ్లీ తొట్టెల్లోకి తిప్పే పద్ధతి పేరు రీసర్క్యులేటింగ్ ఆక్వాకల్చర్ సిస్టమ్. ఆక్వా రంగంలో అందరూ ఆర్‌ఏఎస్ అంటారు. ఈ పద్ధతికి గుండెకాయ బయోఫిల్టర్. దానిలో ప్లాస్టిక్ ముక్కలకో ఇసుక రేణువులకో అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవులు, చేపలు వదిలే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ పనికి నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనే రెండు బ్యాక్టీరియాలే కారణమని పాఠ్యపుస్తకాలు దాదాపు వందేళ్లు చెప్పాయి. గత ముప్పై ఏళ్లలో అక్వేరియంల నుంచి, చేపల ఫారాల నుంచి తీసిన నమూనాలు ఆ పాఠాన్ని చాలావరకు మార్చేశాయి. మారనిది ఒక్కటే: ఈ జీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. వాటి చుట్టూ వాటికన్నా ఎన్నో రెట్లు వేగంగా పెరిగే బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. ఆ వేగానికి నెమ్మది జీవులు బలికాకుండా చూసుకోవడం మీదే బయోఫిల్టర్ నిర్వహణ చాలావరకు ఆధారపడి ఉంది.

మేతతో మొదలయ్యే లెక్క

మేతలోని ప్రొటీన్‌లో కొంత చేప కండగా మారుతుంది. మిగిలిన నత్రజనిలో ఎక్కువ భాగం అమ్మోనియాగా మొప్పల ద్వారా నీళ్లలోకి వచ్చేస్తుంది. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత కిలో వేస్తే సుమారు 32 గ్రాముల అమ్మోనియా నత్రజని నీటిలో చేరుతుందని డిజైన్ చేసే ఇంజినీర్లు లెక్క వేసుకుంటారు. రోజుకు 100 కిలోల మేత వేసే ఫారంలో అది 3.2 కిలోలు.

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న అమ్మోనియం రూపంతో ముప్పు తక్కువ. ఆవేశం లేని రూపం మాత్రం మొప్పల గుండా సులువుగా చొరబడి చేపను చంపుతుంది. మంచినీరు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండి పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో ఈ విషరూపం వాటా ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. 9కి చేరితే మూడో వంతును మించిపోతుంది. అందుకే మొత్తం అమ్మోనియాను చూపే కిట్‌లో ఒకే రీడింగ్ ఒక తొట్టెలో భద్రంగానూ, పక్క తొట్టెలో ప్రమాదంగానూ ఉండవచ్చు.

మధ్యలో తయారయ్యే నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. రక్తం ముదురు గోధుమ రంగుకు తిరిగి, నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేప ఊపిరాడక చస్తుంది. మంచినీటి ఫారాల్లో నైట్రైట్ పెరిగినప్పుడు ఉప్పు వేయడానికి కారణం ఇదే. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌తో పోటీపడి, దాన్ని లోపలికి పోనివ్వదు. చివరి మజిలీ అయిన నైట్రేట్‌ను చేపలు చాలా ఎక్కువ మోతాదు వరకు తట్టుకోగలవు.

అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా సాగే ఈ మార్పిడి పేరు నైట్రిఫికేషన్. దీనికి ఖర్చూ ఉంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. కాల్షియం కార్బొనేట్ లెక్కలో 7.14 గ్రాముల క్షారత్వం ఖర్చవుతుంది. పైన చెప్పిన 3.2 కిలోలకు రోజూ సుమారు 14.6 కిలోల ఆక్సిజన్, దాదాపు 23 కిలోల క్షారత్వం పోతాయి. చేపల శ్వాసకు కావాల్సిన ఆక్సిజన్ దీనికి అదనం. క్షారత్వాన్ని భర్తీ చేయకపోతే పీహెచ్ జారిపోయి నైట్రిఫికేషన్ మందగిస్తుంది. అందుకే ఆర్‌ఏఎస్ ఫారాల్లో సోడియం బైకార్బొనేట్, అంటే వంటసోడా రసాయనమే, బస్తాల లెక్కన నిల్వ ఉంటుంది.

మట్టి చెరువులో ఈ భారం పంచుకునేవారు ఎక్కువ. కొల్లేరు పరిసరాల్లోని చేపల చెరువునే తీసుకుంటే, అమ్మోనియాలో చాలా భాగాన్ని నీటిలోని నాచు పీల్చుకుంటుంది. కొంత అడుగు మట్టి మీద ఉండే బ్యాక్టీరియాకు పోతుంది. ఆర్‌ఏఎస్ తొట్టెలో నాచూ లేదు, మట్టీ లేదు. ఆ పని మొత్తం ఒక్క ఫిల్టర్ మీదే పడుతుంది.

ముక్క మీద పొర

నైట్రిఫికేషన్ చేసే జీవులు నీళ్లలో తేలుతూ కన్నా దేనికైనా అంటుకుని ఉన్నప్పుడే బాగా నిలుస్తాయి. కాబట్టి ఫిల్టర్ తయారీలో ప్రధానమైన పని వాటికి కావాల్సినంత ఉపరితలం ఇవ్వడం. రాళ్ల మీదో ప్లాస్టిక్ గూళ్ల మీదో నీటిని జల్లే ట్రిక్లింగ్ ఫిల్టర్లు, సగం నీటిలో మునిగి తిరిగే చక్రాలు, కింది నుంచి నీటిని తోసి ఇసుకను తేలియాడించే ఫ్లూయిడైజ్డ్ బెడ్లు అలా వచ్చినవే. నార్వేలో హాల్వార్డ్ ఓడెగార్డ్ బృందం 1980ల చివర్లో పట్టణ మురుగునీటి శుద్ధి కోసం రూపొందించిన మూవింగ్ బెడ్ పద్ధతి తర్వాత చేపల ఫారాలకూ పాకింది. అందులో వాడే కే1 అనే ప్లాస్టిక్ ముక్క ఈ రంగంలో అందరికీ తెలిసినదే.

కే1 ముక్క వేలి గోరంత ఉంటుంది. అడ్డంగా సుమారు 9 మిల్లీమీటర్లు, పొడవు 7 మిల్లీమీటర్లు ఉండే చిన్న గొట్టం అది. లోపల గుణకారం గుర్తులా అడ్డు గోడలు, బయట సన్నని రెక్కలు ఉంటాయి. కొత్త ముక్కలు తెల్లగా, తేలిగ్గా ఉండి నీటి మీద గుట్టగా తేలతాయి. కొన్ని వారాలు గడిచేసరికి గొట్టం లోపలి గోడలకు గోధుమ రంగు జిగురు పడుతుంది. ముక్క బరువెక్కి బ్లోయర్ గాలికి నీటిలో పైకీ కిందకీ తిరగడం మొదలుపెడుతుంది. ఒకదాన్నొకటి రాసుకోవడం వల్ల బయటి వైపు పెద్దగా ఏమీ నిలవదు. లోపలి గోడలే పని చేసే చోటు. ఘనపు మీటరు ముక్కల్లో అలా రక్షణ ఉన్న ఉపరితలం 500 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు రోజుకు 0.3 గ్రాముల నత్రజని మారుతుందని అనుకుంటే, 3.2 కిలోలకు దాదాపు 10,700 చదరపు మీటర్లు కావాలి. అంటే రెండున్నర ఎకరాలకు పైచిలుకు ఉపరితలాన్ని 21 ఘనపు మీటర్ల ముక్కల్లో ఇమిడ్చినట్టు.

ఆ జిగురు పొరే బయోఫిల్మ్. బ్యాక్టీరియా తామే స్రవించే చక్కెరలు, ప్రొటీన్ల బంకలో కూరుకుని బతుకుతాయి. నీటిలోని ఆక్సిజన్ ఆ పొరలోకి మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే దిగుతుంది. పొర పైభాగంలో సేంద్రియ పదార్థాన్ని తినే హెటెరోట్రోఫ్‌లు, వాటి కింద నైట్రిఫికేషన్ జీవులు, అట్టడుగున ఆక్సిజన్ అక్కర్లేని రకాలు ఉండటం సాధారణ అమరిక. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే కణాల గుంపులకు ఆనుకునే నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే కణాలు కనిపిస్తాయి. ఒకదాని వ్యర్థమే రెండోదానికి ఆహారం.

పాఠ్యపుస్తకం ఎలా మారింది

నైట్రిఫికేషన్ అనేది జీవుల పని అని మొదట చూపినవారు ఫ్రాన్స్‌కు చెందిన ష్లోసింగ్, మ్యుంట్జ్. 1877లో వారు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా మురుగునీటిని పంపారు. సుమారు 20 రోజులు అమ్మోనియా ఏ మార్పూ లేకుండా బయటికి వచ్చింది. ఆ తర్వాత నైట్రేట్ రావడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పెట్టగానే ఆగిపోయింది. తోటమట్టి కలిపిన నీరు పోస్తే మళ్లీ మొదలైంది. 1890లో జూరిచ్‌లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ జీవులను విడిగా పెంచి, అవి అమ్మోనియా నుంచి వచ్చే శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను ఆహారంగా మార్చుకుంటాయని చూపాడు. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ పేర్లు ఆ పరిశోధనల వారసత్వమే.

ఆ రెండూ ప్రయోగశాలలో సులువుగా పెరిగేవి. ఫిల్టర్లలో నిజంగా ఎక్కువగా ఉన్నవి అవేనా అన్న ప్రశ్న డీఎన్‌ఏ పద్ధతులు వచ్చాకే గట్టిగా వినిపించింది. 1996లో అమెరికాలో హోవనెక్, డిలాంగ్ అక్వేరియంలను పరిశీలించినప్పుడు ఉప్పునీటి తొట్టెల్లో నైట్రోసోమోనాస్ రకాలు కనిపించాయి గానీ మంచినీటి తొట్టెల్లో దాదాపు జాడ లేదు. 1998లో హోవనెక్ బృందం మంచినీటి అక్వేరియంలలో నైట్రైట్‌ను తినేది నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా తరహా బ్యాక్టీరియా అని చూపింది. ఇది అర్థమయ్యే విషయమే. నైట్రైట్ పుష్కలంగా ఉంటే నైట్రోబాక్టర్ త్వరగా పెరుగుతుంది. నైట్రైట్ చాలా తక్కువగా ఉన్న నీటిలో దాన్ని ఒడిసిపట్టగల నేర్పు నైట్రోస్పైరాది. బాగా నడిచే చేపల ఫిల్టర్‌లో నైట్రైట్ ఎప్పుడూ తక్కువే.

2005లో మరో మలుపు. సియాటిల్ అక్వేరియంలోని ఉష్ణమండల చేపల తొట్టె నుంచి అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియాను పరిశోధకులు విడిగా పెంచగలిగారు. ఆర్కియా చూడటానికి బ్యాక్టీరియాలా ఉన్నా, జీవ పరిణామంలో పూర్తిగా వేరే శాఖ. ఆ జీవికి నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. అమ్మోనియా అతి తక్కువగా ఉన్న నీటిలోనూ ఇది బతకగలదు. 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ బృందం మంచినీటి అక్వేరియం ఫిల్టర్లలో అమ్మోనియా పని చేసేవాటిలో ఆర్కియాదే పైచేయి అని నివేదించింది.

అన్నిటికన్నా పెద్ద ఆశ్చర్యం 2015 డిసెంబరులో వచ్చింది. అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం దారిని ఒకే జీవి నడవగలదని 2006లోనే కోస్టా, పెరెజ్, క్రెఫ్ట్ సిద్ధాంతపరంగా ఊహించారు. ఆ జీవిని రెండు బృందాలు నేచర్ పత్రిక ఒకే సంచికలో చూపించాయి. వియన్నా విశ్వవిద్యాలయ నేతృత్వంలోని బృందానికి అది రష్యాలోని ఒక లోతైన చమురు బావి గొట్టంలో పట్టిన పొరలో దొరికింది. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ బృందానికి దొరికింది ఆర్‌ఏఎస్‌కు అనుసంధానించిన ట్రిక్లింగ్ ఫిల్టర్ నుంచి తెచ్చిన నమూనాలో. రెండూ నైట్రోస్పైరా జాతివే. ఈ పూర్తి ప్రక్రియ పేరు కామామాక్స్. వందేళ్లకు పైగా రెండు జీవుల పని అనుకున్నది ఒక్క కణంలోనే జరగగలదని చేపల ఫారం ఫిల్టర్ చెప్పింది.

2017లో అమెరికాలోని విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎల్లో పెర్చ్ చేపలు పెంచే ఆర్‌ఏఎస్‌లోని ఇసుక ఫిల్టర్‌ను పరిశీలించారు. మిగతా బ్యాక్టీరియా సమూహం నిర్వహణను బట్టి మారుతూ వచ్చినా, ఆర్కియా, కామామాక్స్ నైట్రోస్పైరాలతో కూడిన నైట్రిఫికేషన్ బృందం మాత్రం స్థిరంగా నిలిచింది. ఉప్పునీటి ఫారాల చిత్రం వేరు. అక్కడ నైట్రోసోమోనాస్‌లోని ఉప్పును తట్టుకునే రకాలు తరచూ కనిపిస్తాయి.

వేగంగా పెరిగే పొరుగువాళ్లు

అమ్మోనియా నుంచి దక్కే శక్తి చాలా తక్కువ. అందుకే నైట్రిఫికేషన్ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి అనుకూల పరిస్థితుల్లోనూ గంటల నుంచి రోజులు పడుతుంది. చేపల పెంట, తినకుండా మిగిలిన మేత మీద బతికే హెటెరోట్రోఫ్‌లలో చాలావాటికి గంటలోపే సరిపోతుంది. నీటిలో సేంద్రియ కార్బన్ పెరిగితే ఈ వేగవంతులు పొర పైభాగాన్ని ఆక్రమించి, ఆక్సిజన్‌ను ముందే లాగేసుకుంటాయి. జూ, చెన్ 2001లో చేసిన ప్రయోగంలో నత్రజనికి సమానంగా గానీ రెట్టింపుగా గానీ కార్బన్ కలిపినప్పుడు, అసలు కార్బన్ కలపని ఫిల్టర్‌తో పోలిస్తే అమ్మోనియా తొలగింపు 70 శాతం పడిపోయింది. బయోఫిల్టర్‌కు ముందు డ్రమ్ ఫిల్టర్ పెట్టి ఘన వ్యర్థాలను వీలైనంత త్వరగా తీసేయడం ఇందుకే.

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది రైతులకు పరిచయమైన బయోఫ్లాక్ పద్ధతి సరిగ్గా ఎదురు దారిలో నడుస్తుంది. అక్కడ బెల్లమో మొలాసిసో పోసి హెటెరోట్రోఫ్‌లనే పెంచుతారు. అవి అమ్మోనియాను తమ శరీరంలో కలుపుకుని ముద్దలు కడతాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి నైట్రిఫికేషన్ బ్యాక్టీరియా సుమారు 0.2 గ్రాముల జీవరాశి తయారుచేస్తే, హెటెరోట్రోఫ్‌లు 8 గ్రాముల దాకా తయారుచేస్తాయి. బయోఫ్లాక్ నీళ్లు చిక్కగా, గోధుమ రంగులో ఉండటానికీ ఆర్‌ఏఎస్ నీళ్లు తేటగా ఉండటానికీ తేడా ఇక్కడే ఉంది. బయోఫ్లాక్ అలవాటుతో ఆర్‌ఏఎస్ నీటిలో బెల్లం పోస్తే ఫిల్టర్‌కు మేలు కన్నా కీడే ఎక్కువ.

ఫిల్టర్ సిద్ధం కావడం

కొత్త ఫిల్టర్ మొదటి రోజు నుంచే పనిచేయదు. ముందు అమ్మోనియా పెరుగుతుంది. అమ్మోనియాను తినే జీవులు స్థిరపడ్డాక అది దిగుతుంది, అప్పుడు నైట్రైట్ ఎగబాకుతుంది. నైట్రైట్‌ను తినేవి ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఆ శిఖరం ఎక్కువ రోజులు ఉంటుంది. అదీ దిగి నైట్రేట్ కనిపించడం మొదలయ్యాక ఫిల్టర్ సిద్ధమైనట్టు. మంచినీటిలో దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఉప్పునీటిలో, చల్లని నీటిలో ఇంకా ఎక్కువ. ఆరోగ్యంగా నడుస్తున్న మరో ఫిల్టర్ నుంచి కొన్ని ముక్కలు తెచ్చి కలిపితే, పాలకు తోడు వేసినట్టు, ఈ సమయం తగ్గుతుంది. ఆ ముక్కలతోపాటు వ్యాధికారకాలూ వచ్చే అవకాశం ఉంది కాబట్టి చేపలు లేకుండా అమ్మోనియం క్లోరైడ్ వేసి ఫిల్టర్‌ను పెంచుకునే ఫారాలూ ఉన్నాయి.

సిద్ధమైన ఫిల్టర్‌ను పాడు చేయడం తేలిక. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో ముక్కలు కడిగినా, చేపల జబ్బుకు యాంటీబయాటిక్ మందునో ఫార్మలిన్‌నో మొత్తం వ్యవస్థలో తిప్పినా నెమ్మది జీవులు దెబ్బతింటాయి. అవి కోలుకోవడానికి మళ్లీ వారాలు కావాలి. అందుకే చికిత్స చేసేటప్పుడు ఫిల్టర్‌కు ఆక్సిజన్ ఆగకుండా చూస్తూనే దాన్ని పక్కకు తప్పిస్తారు. లవణీయత అకస్మాత్తుగా మార్చినా ఇదే సమస్య. నార్వేలో సాల్మన్ పిల్లలను మంచినీటి నుంచి ఉప్పునీటికి మార్చే ఆర్‌ఏఎస్ కేంద్రాలకు ఇది రోజువారీ చిక్కు కావడంతో, ఫిల్టర్లను ముందే కొంత ఉప్పుకు అలవాటు చేసే పద్ధతుల మీద అక్కడ పరిశోధనలు సాగాయి.

ఆక్సిజన్ అందని మూలల్లో

నీళ్లు ఎంత తక్కువ మారిస్తే నైట్రేట్ అంత పేరుకుంటుంది. దాన్ని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపే డీనైట్రిఫికేషన్ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ లేని చోటు, తినడానికి కార్బన్ కావాలి. సూడోమోనాస్, పారాకాకస్ వంటివి ఈ కోవలోవి. కొన్ని ఫారాలు వీటి కోసం వేరే గది పెడతాయి. ఈ ప్రక్రియలో పోయిన క్షారత్వంలో కొంత తిరిగి వస్తుంది కూడా. అమెరికాలోని బాల్టిమోర్‌లో సముద్రపు చేపల ఆర్‌ఏఎస్ ఫిల్టర్లలో అనామాక్స్ బ్యాక్టీరియా పనిచేస్తోందని 2006లో టాల్, వాట్స్, ష్రైయర్ నివేదించారు. ఇవి ఆక్సిజన్ లేకుండానే అమ్మోనియాను, నైట్రైట్‌ను కలిపి నేరుగా నత్రజని వాయువుగా మారుస్తాయి.

ఆక్సిజన్ లేని మూల ప్రమాదం కూడా తేగలదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. పైపు మూలల్లో, కదలని ఫిల్టర్ అడుగున మడ్డి పేరుకుంటే సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారుచేస్తుంది. అతి కొద్ది మోతాదులోనే అది చేపలను గుంపులుగా చంపుతుంది. ఉప్పునీటి ఆర్‌ఏఎస్‌లో మడ్డి తీయడం మీద అంత పట్టుదల ఇందుకే.

ఫిల్టర్‌లోని కొన్ని జీవులు చేపను చంపవు గానీ రుచిని చెడగొడతాయి. స్ట్రెప్టోమైసిస్ వంటి ఆక్టినోబ్యాక్టీరియా, మిక్సోబ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్, మిథైల్ ఐసోబోర్నియోల్ చేప కొవ్వులో చేరి మట్టి వాసన తెప్పిస్తాయి. అమ్మకానికి ముందు చేపలను మేత ఆపి కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో ఉంచడం ఆ వాసన పోవడానికే. ఏరోమోనాస్, విబ్రియో, ఫ్లేవోబ్యాక్టీరియం వంటి వాటిలోని వ్యాధికారక రకాలకు బయోఫిల్మ్ దాగుడు చోటుగా పనికొస్తుంది. మరోవైపు, స్థిరపడిన ఫిల్టర్ నీటిలో మిగిలే కొద్దిపాటి పోషకాలను నెమ్మదిగా పెరిగే రకాలే వాడేసుకుంటాయి కాబట్టి అవకాశవాద బ్యాక్టీరియాకు చోటు తగ్గుతుంది. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో వాడ్‌స్టైన్, అట్రామడాల్ తదితరులు సముద్రపు చేపల లార్వాలపై చేసిన పనికి మూలం ఈ ఆలోచనే.

భారతదేశంలో

రొయ్య, నీలకంఠ రొయ్య హేచరీల కోసం కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం నైట్రిఫికేషన్ బ్యాక్టీరియా సమూహాలను పెంచి, వాటిని ముందే పట్టించిన ప్యాక్డ్ బెడ్ బయోరియాక్టర్లను తయారుచేసింది. వారాలపాటు ఎదురుచూడకుండా హేచరీ నీటిలో వెంటనే పని మొదలవ్వాలన్నది దాని ఉద్దేశం.

హైదరాబాద్ కేంద్రంగా ఉన్న జాతీయ మత్స్య అభివృద్ధి మండలి, 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఆర్‌ఏఎస్‌కు తోడ్పాటు ఇస్తోంది. ఈ పథకంలో పెద్ద యూనిట్ అంటే ఒక్కొక్కటి కనీసం 90 ఘనపు మీటర్ల తొట్టెలు ఎనిమిది, పంటకు 40 టన్నుల సామర్థ్యం, 50 లక్షల రూపాయల యూనిట్ వ్యయం. సామర్థ్యాన్ని తొట్టెల పరిమాణంతో భాగిస్తే ఘనపు మీటరుకు దాదాపు 56 కిలోల చేప. అంత సాంద్రతలో కరెంటు పోయి గాలి ఆగితే చేపలకు మిగిలేది నిమిషాలే. చేపలు బతికినా, గంటల తరబడి ఆక్సిజన్ అందని ఫిల్టర్ తేరుకునే దాకా మేత తగ్గించుకోవాల్సిందే. ఆర్‌ఏఎస్ ఖర్చుల జాబితాలో జనరేటర్ తప్పనిసరి కావడానికి ఇది ఒక కారణం.

దేశంలో తిలాపియా, పంగాసియస్, కొరమేను, పండుగప్ప వంటి వెచ్చని నీటి చేపలను ఆర్‌ఏఎస్‌లో పెంచుతున్నారు. 25 నుంచి 30 డిగ్రీల మధ్య నైట్రిఫికేషన్ చురుగ్గా సాగుతుంది కాబట్టి ఆ ఫారాల్లో బ్యాక్టీరియాకు వాతావరణం కలిసొస్తుంది. రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో ప్రారంభమైన రెయిన్‌బో ట్రౌట్ ఆర్‌ఏఎస్ ఫారం సంగతి వేరు. హిమాలయ ప్రాంతాల చల్లని నీటిలో పెంచే ఆ చేప కోసం ఇక్కడ నీటిని చల్లబరచాలి. అదే నీరు బయోఫిల్టర్ గుండా కూడా పోతుంది. చల్లదనంలో ఒక్కో చదరపు మీటరు మీద మారే అమ్మోనియా తగ్గుతుంది కాబట్టి, తిలాపియాకు సరిపోయిన ఫిల్టర్ అంతే మేత తినే ట్రౌట్‌కు చాలదు. ముక్కల మొత్తాన్ని పెంచి, ఫిల్టర్ సిద్ధం కావడానికి మరిన్ని వారాలు కేటాయించాలి.